రెండు గంటల్లో ఆరుగురు వీరులు: ‘జస్టిస్ లీగ్’ ఎక్కడ దెబ్బతింది?

క్లుప్తంగా: 2017 నవంబర్ 17న విడుదలైన ‘జస్టిస్ లీగ్’ దాదాపు 30 కోట్ల డాలర్ల ఖర్చుతో తీసిన హాలీవుడ్ సూపర్ హీరో సినిమా. ప్రపంచమంతా కలిపి 66 కోట్ల డాలర్ల వరకు వసూలు చేసినా నష్టాల సినిమాగానే మిగిలింది. డైరెక్టర్ మారడం, రీషూట్లు, గ్రాఫిక్స్ లోపాలు అందరికీ తెలిసిన కారణాలు. వాటికంటే ముందే పడిన తప్పు ఒకటుంది. ప్రేక్షకులకు పరిచయం కాని వీరులను ఒక్కచోట చేర్చి, ఆ పరిచయాన్నీ కలయికనూ రెండే గంటల్లో ముగించాలనుకోవడం. మహబూబ్‌నగర్, నల్గొండ లాంటి జిల్లా టౌన్లలో ఈ తప్పు ప్రభావం ఇంకా ఎక్కువ. తెలుగులోనూ ‘యూనివర్స్’ సినిమాలు, అంటే ఒకే లోకంలో సాగుతూ ఒకదానితో ఒకటి ముడిపడే కథలు, వరుస కడుతున్న ఈ సమయంలో ఆ లెక్కను మళ్లీ చూడాల్సిన అవసరం ఉంది.

ఒకే పేరు, రెండు సినిమాలు

ఈ సినిమా గురించి మాట్లాడుకునేవాళ్లలో చాలామందికి మొదట ఎదురయ్యే గందరగోళం ఏమిటంటే, ఒకరు చూసింది రెండు గంటల సినిమా, మరొకరు చూసింది నాలుగు గంటల సినిమా. రెండింటిలోనూ అదే సూపర్‌మ్యాన్, అదే బ్యాట్‌మ్యాన్, అదే విలన్. డైరెక్టర్ పేరు కూడా ఒకటే, జాక్ స్నైడర్. అయినా అవి రెండూ ఒకే సినిమా కావు.

షూటింగ్ 2016లో స్నైడర్ చేతుల్లో పూర్తయింది. 2017లో ఆయన కుమార్తె మరణించడంతో, ఆ ఏడాది మే నెలలో సినిమా నుంచి తప్పుకున్నారు. మిగిలిన పనిని ‘అవెంజర్స్’ డైరెక్టర్ జాస్ వీడన్‌కు నిర్మాణ సంస్థ వార్నర్ బ్రదర్స్ అప్పగించింది. వీడన్ కొత్త సీన్లు రాశారు, రెండు నెలల పాటు రీషూట్లు జరిపారు. సంగీత దర్శకుడు జంకీ ఎక్స్‌ఎల్ స్థానంలో డానీ ఎల్ఫ్‌మన్ వచ్చారు. థియేటర్లలోకి వచ్చిన సినిమాపై డైరెక్టర్‌గా స్నైడర్ పేరే ఉంది. వీడన్ పేరు రచయితల్లో చేరింది.

అభిమానుల పట్టుదల వల్ల, 2021 మార్చి 18న స్నైడర్ అనుకున్న రూపం ఓటీటీలో వచ్చింది. నిడివి 242 నిమిషాలు. కాబట్టి 2017లో థియేటర్‌కు వెళ్లి నిరాశపడినవాళ్లు చూసింది ఇద్దరు డైరెక్టర్ల పనిని కలిపి కుట్టిన 120 నిమిషాల సినిమాను. ఈ వ్యాసం ప్రధానంగా దాని గురించే.

66 కోట్ల డాలర్లు వచ్చినా నష్టమేంటి?

పెద్ద సినిమాల వసూళ్లు చదివేటప్పుడు గ్రాస్‌కూ (మొత్తం టికెట్ వసూలు) షేర్‌కూ (నిర్మాత వైపు చేరే వాటా) తేడా చూడాలన్నది మన దగ్గర సినిమా వార్తలు చదివేవాళ్లకు తెలిసిందే. టికెట్ డబ్బంతా నిర్మాతకు చేరదు. హాలీవుడ్ సినిమాకు అమెరికాలో అందులో సుమారు సగం, మిగతా దేశాల్లో అంతకంటే తక్కువ, చైనాలో పాతిక శాతం వరకు మాత్రమే చేతికి వస్తుంది. దాని మీద ప్రపంచవ్యాప్త ప్రచారం ఖర్చు అదనం. అందుకే ‘జస్టిస్ లీగ్’ ఒడ్డున పడాలంటే 75 కోట్ల డాలర్ల వరకు గ్రాస్ రావాల్సి ఉండేదని అక్కడి ట్రేడ్ అంచనా. చివరికి నష్టం సుమారు 6 కోట్ల డాలర్లని లెక్క తేలింది.

నష్టం కంటే బాధించిన పోలిక మరొకటి ఉంది. అదే ఏడాది జూన్‌లో వచ్చిన ‘వండర్ ఉమన్’ దాదాపు 15 కోట్ల డాలర్లతో తయారై, 82 కోట్ల డాలర్ల దాకా వసూలు చేసింది. 2013లో సూపర్‌మ్యాన్ ఒక్కడితో తీసిన ‘మ్యాన్ ఆఫ్ స్టీల్’ కూడా దాదాపు 67 కోట్లు తెచ్చింది. ఒక్కొక్కరుగా అంతంత తెచ్చినవాళ్లు ఆరుగురు కలిసొస్తే తక్కువ రావడం మామూలు ఫ్లాప్ లెక్కకు అందదు.

అమెరికాలో మొదటి మూడు రోజుల వసూలు 9.38 కోట్ల డాలర్లు. రెండో వారాంతానికి అది సగం కంటే కిందికి పడింది. మన ట్రేడ్ భాషలో చెప్పాలంటే ఓపెనింగ్ అనుకున్నంత రాలేదు, వచ్చిన టాక్ నిలబెట్టలేదు. ఓపెనింగ్ తగ్గిందంటే సినిమా చూడకముందే జనం వెనకాడారన్నమాట. రీషూట్లు, గ్రాఫిక్స్ లోపాలు ఆ వెనకాడటాన్ని వివరించలేవు, ఎందుకంటే అవి టికెట్ కొని లోపలికి వెళ్లాక కనిపించేవి.

పరిచయమే అసలు పెట్టుబడి

2012లో వచ్చిన మొదటి ‘అవెంజర్స్’ 150 కోట్ల డాలర్లు దాటింది. దానికి ముందు నాలుగేళ్లలో ఐదు సినిమాలు వచ్చాయి: 2008లో ‘ఐరన్ మ్యాన్’, ‘ఇన్‌క్రెడిబుల్ హల్క్’, 2010లో ‘ఐరన్ మ్యాన్ 2’, 2011లో ‘థోర్’, ‘కెప్టెన్ అమెరికా’. ఆ ఐదింటిలో కొన్ని అంత గొప్పగా ఆడలేదు కూడా. కానీ ఒక పని మాత్రం చేశాయి. ఐరన్ మ్యాన్ అయిన టోనీ స్టార్క్ ఎందుకు అంత గర్వంగా మాట్లాడతాడో, థోర్‌కూ అతని తమ్ముడికీ గొడవేమిటో ప్రేక్షకుడికి ముందే తెలిసిపోయింది. అందుకే వాళ్లు ఒకరినొకరు ఎదురుపడగానే కథ మొదలైంది. ఎవరు ఎవరని చెప్పుకోవాల్సిన పని లేకపోయింది.

‘జస్టిస్ లీగ్’ నాటికి సూపర్‌మ్యాన్‌కు ఒక సొంత సినిమా ఉంది. 2016లో ‘బ్యాట్‌మ్యాన్ వర్సెస్ సూపర్‌మ్యాన్’ వచ్చింది, అయితే దానికి వచ్చిన చెడ్డ టాక్ ఈ సినిమా మెడకు చుట్టుకుంది. విడుదలకు ఐదు నెలల ముందు వండర్ ఉమన్ సినిమా. మిగతా ముగ్గురు ఆక్వామ్యాన్, ఫ్లాష్, సైబోర్గ్ దాదాపు కొత్తవాళ్లు. ఆక్వామ్యాన్ సొంత సినిమా 2018 డిసెంబర్‌లో వచ్చి 110 కోట్ల డాలర్లు దాటింది. ఫ్లాష్ సినిమా 2023 దాకా రాలేదు. సైబోర్గ్ సినిమా ఇప్పటికీ లేదు. ఆక్వామ్యాన్ వరుస తారుమారైందన్న సంగతి గమనించాలి. అతని సినిమా ముందే వచ్చి ఉంటే, ‘జస్టిస్ లీగ్’ మొదటి రోజు థియేటర్ బయట పరిస్థితి వేరుగా ఉండేది.

తెలంగాణ పల్లెల్లో చిందు భాగవతం చూసినవాళ్లకు ఇది సులువుగా అర్థమవుతుంది. అక్కడ ముఖ్య పాత్ర రాగానే నేరుగా కథలోకి దూకదు. ముందు ప్రవేశ దరువు ఉంటుంది. తానెవరో, ఎవరి కొడుకో, ఎంతటివాడో పాడి, చిందేసి చూపించాకే ఆ పాత్ర మాట్లాడుతుంది. అదీ చూసేవాళ్లకు భీముడు, అర్జునుడు పుట్టినప్పటి నుంచీ తెలిసినవాళ్లే అయినప్పటికీ. తెలిసిన పాత్రకే అంత సమయం ఇచ్చే సంప్రదాయంలో పెరిగిన ప్రేక్షకుడి ముందుకు, తెలియని ముగ్గురిని రెండేసి సీన్లలో తెచ్చి నిలబెట్టడం ఎంత కష్టమో ఊహించవచ్చు.

అదే 2017లో, ఏప్రిల్ చివర్లో, ఈ జిల్లాల థియేటర్లను నింపిన ‘బాహుబలి 2’ను పక్కన పెట్టి చూస్తే విషయం ఇంకా స్పష్టమవుతుంది. ఆ సినిమా బడ్జెట్ సుమారు 250 కోట్ల రూపాయలన్నది అందరూ చెప్పిన మాట. ‘జస్టిస్ లీగ్’ ఖర్చు అప్పటి మారకంలో దాదాపు 1,950 కోట్లు. కానీ బాహుబలికి 2015 నాటి మొదటి భాగం ఉంది, రెండేళ్లు జనం నోట్లో నానిన ఒక ప్రశ్న ఉంది. కట్టప్ప ఎవరో తెరమీద ఎవరూ చెప్పాల్సిన అవసరం లేదు. ఎనిమిది రెట్ల డబ్బు పెట్టినా కొనలేనిది ఆ ఎదురుచూపే.

తేదీ ముందు, కథ తర్వాత

పరిచయాలకు సమయం ఎందుకు ఇవ్వలేదు? జవాబు 2014 అక్టోబర్‌లో ఉంది. అప్పుడే వార్నర్ బ్రదర్స్ రాబోయే ఏళ్లకు తన సూపర్ హీరో సినిమాల జాబితా ప్రకటించింది. ‘జస్టిస్ లీగ్’ మొదటి భాగం 2017 నవంబర్ 17, రెండో భాగం 2019 జూన్ 14 అని ఆ రోజే చెప్పేసింది. అప్పటికి బ్యాట్‌మ్యాన్, సూపర్‌మ్యాన్ కలిసే సినిమా కూడా బయటికి రాలేదు. ‘అవెంజర్స్’ సినిమాల సంస్థ మార్వెల్ అప్పటికే చాలా ముందుకు వెళ్లిపోయింది, అందుకోవాలన్న తొందర ఆ జాబితా నిండా కనిపిస్తుంది.

తర్వాత 2016లో వచ్చిన సినిమా మీద ‘మరీ చీకటిగా, మరీ బరువుగా ఉంది’ అన్న విమర్శ రాగానే, షూటింగ్ దశలో ఉన్న ‘జస్టిస్ లీగ్’లో నవ్వులు పెంచాలన్న నిర్ణయం జరిగింది. 2017లో డైరెక్టర్ తప్పుకున్నారు. అంత జరిగినా విడుదల తేదీ మాత్రం కదల్లేదు. రెండో భాగం ఎలాగూ అటకెక్కింది.

కదలని తేదీ ఏం చేస్తుందో చెప్పడానికి అందరికీ తెలిసిన ఉదాహరణ సూపర్‌మ్యాన్ మీసం. రీషూట్ల సమయానికి హెన్రీ కావిల్ మరో సంస్థ సినిమా ‘మిషన్ ఇంపాజిబుల్’ కోసం మీసం పెంచి ఉన్నాడు. ఆ మీసం తీసేయడానికి ఆ సంస్థ ఒప్పుకోలేదు. దాంతో సూపర్‌మ్యాన్ కనిపించే కొత్త సీన్లన్నింటిలో మీసాన్ని కంప్యూటర్ మీద చెరిపి, పైపెదవిని మళ్లీ తయారు చేయాల్సి వచ్చింది. మనిషి ముఖంలో చిన్న తేడా ఉన్నా కన్ను వెంటనే పట్టేస్తుంది. ఆకాశంలో యుద్ధాన్ని నమ్మించడం కంటే పెదవి కదలికను నమ్మించడం కష్టం. సినిమా మొదటి సీన్‌లోనే ఆ పెదవి పెద్ద తెర మీద కనపడింది. గ్రాఫిక్స్ నిపుణులకు ఇంకో ఆరు నెలలు ఇచ్చి ఉంటే ఇంత ఎగతాళి ఉండేది కాదు. పని చేసినవాళ్ల చేతకానితనంగా దాన్ని చూడటం న్యాయం కాదు, వాళ్లకు దొరికిన రోజులు అన్ని మాత్రమే.

రెండు గంటల కోత వల్ల లాభం ఎవరికి?

సినిమా రెండు గంటలు దాటకూడదని సంస్థ పట్టుబట్టింది. దాని వెనక లెక్క తెలిసిందే. నిడివి తగ్గితే మల్టీప్లెక్స్‌లో రోజుకు అదనంగా ఒక షో పడుతుంది. పది స్క్రీన్లున్న చోట ఇది పెద్ద మొత్తం.

నల్గొండ, మిర్యాలగూడ, సూర్యాపేట, వనపర్తి, గద్వాల లాంటి టౌన్లలోని సింగిల్ స్క్రీన్‌కు ఈ లెక్క వర్తించదు. అక్కడ మార్నింగ్ షో, మ్యాటినీ, ఫస్ట్ షో, సెకండ్ షో అని నాలుగు ఆటలు ఖాయంగా ఉంటాయి. సినిమా రెండు గంటలున్నా, రెండు గంటల నలభై నిమిషాలున్నా ఆటలు నాలుగే. ‘బాహుబలి 2’ రెండు గంటల 45 నిమిషాలు దాటినా ఈ నాలుగు ఆటల్లోనే ఇమిడింది. అంటే నిడివి తగ్గించినందుకు ఇక్కడ థియేటర్ నడిపే ఎగ్జిబిటర్‌కు ఒక్క టికెట్ కూడా పెరగలేదు. కోత వల్ల పోయిన పరిచయం మాత్రం ఇక్కడి ప్రేక్షకుడికి కూడా పోయింది.

ఇంటర్వెల్ సంగతీ చూడాలి. తెలుగు సినిమా ఇంటర్వెల్ కోసమే ఒక మలుపును సిద్ధం చేస్తుంది. జనం క్యాంటీన్ దగ్గర చాయ్ తాగుతూ మాట్లాడుకునేది దాని గురించే. హాలీవుడ్ సినిమాలో అలాంటి మలుపు రాసి ఉండదు. మన థియేటర్లు మధ్యలో ఎక్కడో ఒక చోట ఆపుతాయి. పాత్రలు ముందే తెలిసి ఉంటే ఆ ఆగడం పెద్ద నష్టం కాదు. గంటలో ముగ్గురు కొత్తవాళ్లు వచ్చి, ఎవరి బాధేమిటో పూర్తిగా పట్టుబడక ముందే లైట్లు వెలిగితే, రెండో సగానికి పట్టు సగం జారిపోతుంది.

నవంబర్ అమెరికాకు పండుగ, పాలమూరుకు పత్తి

నవంబర్ 17 తేదీని ఎంచుకోవడానికి కారణం అమెరికాలో ఆ తర్వాతి వారం వచ్చే థాంక్స్‌గివింగ్ సెలవులు. అక్కడ కుటుంబాలు సినిమాలకు వెళ్లే రోజులవి. ఇక్కడ అదే వారం ఎలా ఉంటుంది? సాగర్ ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, కోదాడ వైపు వరి కోతలు, ధాన్యం అమ్మకాల హడావిడి. నల్గొండ, నాగర్‌కర్నూల్ మెట్ట పొలాల్లో పత్తి ఏరుడు. కార్తీక మాసం చివరి రోజులు, శబరిమల మండల కాలం మొదలు. అయ్యప్ప మాల వేసుకున్నవాళ్లు సినిమాలకు దూరంగా ఉంటారు. వాళ్లలో చాలామంది పల్లెటూళ్ల యువకులే, అంటే ఇలాంటి సినిమాకు రావాల్సిన వయసువాళ్లే. దసరా, దీపావళి అయిపోయి సంక్రాంతి ఇంకా రాని ఈ రోజులను తెలుగు ట్రేడ్ మొదటి నుంచీ డల్ సీజన్‌గానే లెక్కేస్తుంది.

మార్వెల్ పెద్ద సినిమాలకు ఇక్కడ అనుకోకుండా కలిసొచ్చింది కూడా క్యాలెండరే. మొదటి ‘అవెంజర్స్’, ‘ఇన్ఫినిటీ వార్’, ‘ఎండ్‌గేమ్’ మూడూ మన దగ్గర ఏప్రిల్ చివరి వారంలోనే వచ్చాయి. పరీక్షలు అయిపోయి, బడులకు సెలవులిచ్చి, మధ్యాహ్నం ఎండకు ఏసీ థియేటర్ హాయిగా అనిపించే రోజులు. ‘ఇన్ఫినిటీ వార్’లో విలన్ థానోస్‌కు తెలుగులో రానా దగ్గుబాటి గొంతు ఇచ్చారు. భల్లాలదేవుడి గొంతు గుర్తుపట్టడానికి మార్వెల్ సినిమాలు చూసి ఉండాల్సిన పని లేదు. పరిచయం లేని విలన్‌కు తెలిసిన గొంతు అరువిచ్చారన్నమాట. ఈ ఒక్క ఆలోచన జిల్లా టౌన్లలో ఎన్ని పోస్టర్లకైనా సమానం. ‘జస్టిస్ లీగ్’ విలన్ స్టెపెన్‌వోల్ఫ్ పేరే పలకడానికి కష్టం, అతను పూర్తిగా గ్రాఫిక్స్ పాత్ర, అతని కోరిక మూడు పెట్టెలు కలిపి లోకాన్ని నాశనం చేయడం. గుర్తుండిపోవడానికి అందులో పట్టు లేదు.

సూపర్‌మ్యాన్ పేరు మాత్రం ఇక్కడ పాతదే. 1980లోనే ఎన్టీఆర్ ఆ పేరుతో ఒక తెలుగు సినిమా చేశారు, అందులో హీరోకు శక్తులిచ్చేది ఆంజనేయుడు. మనవాళ్లు కొత్త వీరుడిని తమకు తెలిసిన దేవుడితో ముడిపెట్టి పరిచయం చేసుకున్నారు. సైబోర్గ్‌కు ఆ వీలు దొరకలేదు.

హైదరాబాద్ దగ్గరలో ఉండటం మరో చిక్కు. మహబూబ్‌నగర్ నుంచైనా, నల్గొండ నుంచైనా వంద కిలోమీటర్లే. ఇంగ్లిష్‌లో, పెద్ద తెర మీద చూడాలనుకునే విద్యార్థులు, ఉద్యోగులు బస్సెక్కి వెళ్లిపోగలరు. ఊళ్లో తెలుగు డబ్బింగ్ ఆటకు మిగిలేది టాక్ విని వచ్చే ప్రేక్షకుడు. మొదటి రోజు అభిమానుల బలం నగరానికి పోయి, టాక్ బలం కూడా లేకపోతే, సోమవారం ఆటకు సినిమాను పట్టి ఉంచేది ఏమీ ఉండదు. మహబూబ్‌నగర్‌లో ఏషియన్ సంస్థ, నాగర్‌కర్నూల్ జిల్లా మూలాలున్న నటుడు విజయ్ దేవరకొండ కలిసి ఏవీడీ మల్టీప్లెక్స్ తెరిచింది 2021 సెప్టెంబర్‌లో. అలాంటి తెరలు జిల్లాలోనే ఉంటే ఈ చిక్కు కొంత తగ్గుతుంది. 2017లో అది లేదు.

నాలుగు గంటల రూపం తేల్చిన విషయం

2021లో వచ్చిన స్నైడర్ రూపంలో కథ మారలేదు. అవే పెట్టెలు, అదే విలన్, అదే ముగింపు యుద్ధం. పెరిగింది ప్రధానంగా మనుషుల గురించి. సైబోర్గ్ తండ్రితో పడే ఘర్షణ, ప్రమాదం ముందు అతని జీవితం, ఫ్లాష్ తండ్రి జైల్లో ఉండటం వెనక నొప్పి. థియేటర్ రూపంలో ఎక్కువగా కత్తెర పడింది సైబోర్గ్ మీదే. విమర్శకులు ఈ రూపాన్ని మెచ్చుకున్నప్పుడు ఎక్కువగా ప్రస్తావించింది కూడా ఆ పాత్రనే. పరిచయానికి కావాల్సిన సరుకు లేకపోలేదు, షూట్ చేసి మరీ తీసేశారు.

అయితే నాలుగు గంటల రూపమే థియేటర్‌లో వచ్చి ఉంటే సూపర్ హిట్టయ్యేదనడం సరికాదు. నాలుగు ఆటల థియేటర్‌లో అది రోజుకు మూడు ఆటలకు మించి పడదు. ఒక సినిమాలో పట్టాల్సినదానికంటే ఎక్కువ పరిచయం ఉందంటే, దాన్ని ముందే రెండు మూడు సినిమాలుగా పంచాల్సింది. రెండు గంటలూ నాలుగు గంటలూ ఒకే లోటుకు రెండు వైపులు.

తెలుగు ‘యూనివర్స్’ల ముందున్న దారి

‘హిట్’ వరుస 2020లో మొదలై 2025లో మూడో సినిమా దాకా వచ్చింది. ప్రతి సినిమాకు ఒక పోలీసు అధికారి, ఒక కేసు. కలయిక కంటే పరిచయం ముందు నడుస్తోంది. ప్రశాంత్ వర్మ 2024 జనవరిలో ‘హనుమాన్’తో మొదలుపెట్టిన వరుసలోనూ మొదటి అడుగు ఒక్క వీరుడిదే, అదీ తక్కువ బడ్జెట్‌లో. ఇవి నెమ్మదైన దారులు, కానీ భద్రమైనవి.

‘కల్కి 2898 ఏడీ’ మరో దారి తొక్కింది. 2024 జూన్‌లో వచ్చిన ఆ భారీ సినిమాకు ముందు వేరే సినిమాలేవీ లేవు. అయినా అశ్వత్థామ తెర మీదకు రాగానే ఎవరని అడగాల్సిన పని పడలేదు. బుర్రకథ, హరికథ, చిందు, బడి పుస్తకం, టీవీ సీరియల్ తరతరాలుగా చేసిన పరిచయం అది. పురాణ పాత్రతో మొదలయ్యే తెలుగు యూనివర్స్‌కు ఉన్న పెద్ద వెసులుబాటు ఇదే. చిక్కల్లా రెండో సినిమా నుంచి మొదలవుతుంది. కొత్తగా కల్పించిన పాత్రలు పురాణ పాత్రల పక్కన నిలబడాలంటే వాటికి సొంత కథ, సొంత సమయం కావాలి. అది ఇవ్వకుండా నలుగురు స్టార్లను ఒక పోస్టర్ మీద చేర్చితే, పెద్ద రేట్లకు ఏరియా కొనుక్కున్న బయ్యర్, అడ్వాన్స్ కట్టిన ఎగ్జిబిటర్ దెబ్బ తింటారు. 2024 మే నెలలో తెలంగాణలో సింగిల్ స్క్రీన్లు సినిమాలు లేక కొన్నాళ్లు ఆటలు ఆపేయాల్సి వచ్చింది. అంత బలహీనంగా ఉన్న చోట ఒక పెద్ద సినిమా కూలితే, పక్క వారం రావాల్సిన చిన్న సినిమాకు కూడా థియేటర్‌కు వచ్చేవాళ్లు కరువవుతారు.

‘జస్టిస్ లీగ్’ వీరులు పుట్టిన డీసీ వైపు కొత్త యాజమాన్యం 2025 జూలైలో ‘సూపర్‌మ్యాన్’తో మళ్లీ మొదటి నుంచి ప్రారంభించింది. ఈసారి పేరులో ఒక్క వీరుడే. మార్వెల్ కొత్త ‘అవెంజర్స్’ సినిమాకు ప్రకటించిన తేదీ 2026 డిసెంబర్ 18. వేసవి వదిలి డిసెంబర్‌కు వస్తోంది కాబట్టి ఈసారి దానికి కూడా మాలధారణ రోజులే ఎదురవుతాయి. సంక్రాంతి తెలుగు సినిమాలు తెరలన్నీ తీసుకునేలోపు జిల్లా టౌన్లలో దానికి దొరికేది మూడు వారాల పైచిలుకు మాత్రమే.